ఆకుపచ్చ దారం కట్టిన కాయిలు

మెట్టుగూడ, సికింద్రాబాద్
నవంబరు 10, 2024

ప్రిసిల్లా,

ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకుందామన్న మన ఒప్పందం నాకు బాగానే ఉంది. ఫోన్‌లో నేను మొదలుపెట్టిన వాక్యాన్ని నువ్వెప్పుడూ పూర్తి చేయనివ్వలేదు. కాగితం మీద నా మాటకు అడ్డం రాలేవు కాబట్టి సావధానంగా విను.

మన కార్మిక పఠన మందిరంలో వాల్వుల స్టీరియో యాంప్లిఫయర్ గుర్తుందా? ఆదివారం సాయంత్రం దాని గాజు బుడ్లు ఎర్రబడేదాకా మనిద్దరం ముందు వరసలో గొంతుక్కూర్చునేవాళ్ళం. మౌలాలిలో మూతబడిన ఆ రేడియో ఫ్యాక్టరీలో తయారైన సరుకు. మనం పుట్టకముందే మందిరానికి వచ్చి, నిన్నమొన్నటిదాకా పాడింది. ఈ దసరా నుంచి గురగురమంటోంది.

కార్యదర్శి రాజేందర్ సంగతి తెలిసిందే. "అక్కా, గా డబ్బాతోని ఎందుకే పరేషాన్? నా ఫోన్ల పాట పెడితే గీ బుల్లి స్పీకర్ల మస్తుగ వస్తది" అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. రాహుల్ అని కొత్తగా కాఫీ హోటల్ పెట్టిన కుర్రాడొకడు దాన్ని గోడ అలమరలో అలంకారానికి పెట్టుకుంటానంటే, కమిటీ సరేనంది. నేను పోట్లాడి ఒక గడువు తెచ్చాను. మార్చి తొమ్మిదిన వార్షికోత్సవం. ఆ సభలో అది పాడితే మనది, పాడకపోతే కాఫీ హోటల్‌ది.

చూశావా ఈ కాలం తీరు. కార్మికుల వస్తువును ముందు పనికిరానిదంటారు, తర్వాత అందంగా ఉందంటారు. ఆ రెండు మాటల మధ్య దాన్ని బాగుచేసే మనిషి ఉండాలి కదా, వాడి ఊసే ఎవరూ ఎత్తరు.

సరే, నేనే ఆటో ఎక్కాను. స్పీకర్ పెట్టెలు ఒక్కోటీ గ్యాస్ బండంత బరువు. వాటిని మందిరంలోనే వదిలేసి, యాంప్లిఫయర్‌ను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఒక షాపుకు తీసుకెళ్ళాను. అతను మీట వేసి, ఎడమ పక్క ఏదో మీటరు తగిలించి, ఆ పక్క సౌండ్ మొత్తం పెంచి చూశాడు. "బుడ్లు వెలుగుతున్నయ్ గద మేడం, ఠీక్ ఉంది" అన్నాడు. ఇంతలో కమురు వాసన వచ్చింది. పాత సరుకు కదా, వాసన వస్తుందన్నాడు. తిరిగి తెచ్చి పెట్టెలు తగిలిస్తే గురగుర అలాగే ఉంది, ఎడమ పక్క మాత్రం పూర్తిగా మూగబోయింది.

మన బుర్రకథ రికార్డు వేసి చూశాను. అందులో కథకుడి గొంతు ఎడమ పెట్టెలో, వంతలిద్దరి గొంతులూ కుడి పెట్టెలో వస్తాయి కదా. ఇప్పుడు కథకుడు లేడు. వంతలు మాత్రం ఎవరికో తెలియకుండా "తందానతాన" అంటున్నారు, "ఓహో, తర్వాతేమైంది?" అని గాలిని అడుగుతున్నారు. అచ్చం మా కమిటీ సమావేశంలాగే ఉంది.

బాగుచేసే మనిషి ఎవరైనా నీకు తెలిస్తే రాయి. ఆంటీకి నమస్కారాలు.

అనుపమ

*

నర్సాపురం
నవంబరు 24

అనూ,

నీ వాక్యం పూర్తయిందా? ఇప్పుడు నా వంతు.

నీ ఉత్తరం అమ్మకి పైకి చదివాను. చిక్కుళ్ళు ఒలుస్తూ వింది. కాఫీ హోటల్ దగ్గర నవ్వింది. ఆటో దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. "స్పీకర్లు తీసుకెళ్ళలేదంటా?" అని అడిగింది. లేదంట అన్నాను. మిగతా చిక్కుళ్ళు నన్ను ఒలుచుకోమని లేచి వెళ్ళిపోయింది. ఎందుకని నన్నడక్కు. అమ్మ కొన్ని సంగతులు మాట్లాడదు, నేనూ కదపను.

ఇక్కడ రేడియో బాగుచేసే కొట్లన్నీ ఫోన్ అద్దాలు మార్చే కొట్లయ్యాయి. నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు. నువ్వు పత్రికలో రాయి. వ్యవస్థను తిడుతూ ఎన్నో రాశావు, ఒక్కసారి మెకానిక్ కావాలని రాస్తే నష్టమేముంది?

పదో తరగతి పిల్లలకి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి. మార్చి దాకా నేను కదల్లేను.

ప్రిసిల్లా

*

మెట్టుగూడ
జనవరి 5, 2025

ప్రిసిల్లా,

నువ్వు వెటకారంగా అన్నదాన్నే నేను నిజంగా చేశాను. పత్రికలో రాశాను. మెకానిక్‌లు రాలేదు, అభిప్రాయాలు వచ్చాయి.

ఒకడు వచ్చి మూత తీసి, "లోపలిదంత తీసేద్దాం మేడం. చిన్న చిప్ పెడితే బ్లూటూత్ వస్తది. పైన బుడ్లకు లైట్లు పెడ్త, వెలుగుతనే ఉంటయ్" అన్నాడు. గుండె తీసేసి ముఖానికి రంగు పూస్తానంటున్నాడు. ఈ దేశంలో చాలా సంస్థలను ఇప్పటికే ఇలా బాగుచేశారు, ఇంకొకటి వద్దని పంపించేశాను.

సైనిక్‌పురిలో ఇంకొకాయన ఉన్నాడు. ఇలాంటి యాంప్లిఫయర్లతో ఆయనకు గది నిండిపోయింది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని వెళ్ళాలి. నేను సంగతి చెబుతుంటే నా వెనక్కి చూసి, "ఇంట్లో సార్ ఎవరైనా ఉంటే పంపండి, టెక్నికల్‌గా మాట్లాడాలి" అన్నాడు. మా ఇంట్లో సార్ ఎవరూ లేరని, ఉన్నా ఆయనకు నేనే చెప్పి పంపాల్సి వచ్చేదని చెప్పి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

చివరికి దొరికినవాడు లాలాగూడ రాములు. ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగ్ చేస్తాడు. పాత కండెన్సర్లు మార్చేసరికి గురగుర పోయింది. ఎడమ పక్క మూగతనం మాత్రం పోలేదు. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే లోపల రాగి తీగ చుట్టిన కాయిలు కాలి నల్లబడి ఉంది. "కొత్తది చుట్టొచ్చు కదా రాములూ" అన్నాను.

"ఫ్యాన్ కాయిల్ అయితే కండ్లు మూసుకొని చుడ్త. గిది పొర మీద పొర ఉన్నదక్కా. సన్న తీగ ఒక పొర, లావు తీగ ఒక పొర, నడిమిట్ల కాయితం, మళ్ళ సన్న తీగ. గిట్ల చుట్టుడు నాకు రాదు. అబద్ధమెందుకు?"

అబద్ధం చెప్పని మెకానిక్ ఇన్ని నెలల్లో ఇతనొక్కడే.

కానీ నా కోపం ఆ కాయిలు చుట్టినవాడి మీద. దాని కొసను దేంతో కట్టాడో తెలుసా? ఆకుపచ్చ కుట్టుదారంతో. రవికె గుండీకి వేసినట్టు ముడి. ఎవడో పని రాని వాడు, జీతానికి చుట్టి పారేశాడు. కార్మికవర్గం మీద నాకెంత ప్రేమున్నా చెత్త పనిని చెత్త పని అనే అంటాను. వాడు సరిగ్గా చుట్టి ఉంటే ఇవాళ మన వస్తువు కాఫీ హోటల్ వాకిట్లో నిలబడేది కాదు.

గడువు ఇక రెండు నెలలు. రాజేందర్ నన్ను చూసినప్పుడల్లా "ఏమైందక్కా, మాట్లాడుతుందా డబ్బా?" అని అడిగి నవ్వుతున్నాడు.

అనుపమ

*

నర్సాపురం
జనవరి 14

అమ్మాయి అనుపమకి,

ఉత్తరం మొదట్లో ప్రభువు నామంలో వందనాలు రాయడం మా అలవాటు. ఈసారి అవి చివర్లో ఉంటాయి, అందాకా చదివే ఓపిక నీకుంటే.

ఎవడో అని రాశావు. వాడు కాదు, ఆవిడ. ఆవిడ నేనే.

ప్రిసిల్లా నీ ఉత్తరం చదువుతూ దారం దగ్గర ఆగిపోయింది. దాటేద్దామని చూసింది. కాగితం నేనే లాక్కుని చదివాను. పని రాని వాడంట. జీతానికి చుట్టి పారేశాడంట.

మెట్టుగూడలో నన్ను జాకెట్లు కుట్టే ఆంటీగానే ఎరుగుదువు నువ్వు. మిషన్ ముందు కూర్చోకముందు మౌలాలి ఫ్యాక్టరీలో కాయిల్ లైనులో కూర్చున్నాను. లైనంతా ఆడవాళ్ళమే. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం ఇచ్చేవారు. కాయిలు చుట్టాక కొసని ఆ దారంతో కట్టాలి. తప్పొస్తే ఎవరిదో పట్టుకోడానికి. బాగొస్తే ఎవరిదో చూసే ఏర్పాటు మాత్రం లేదు. నాది ఆకుపచ్చ. నా పక్కన కూర్చునే పుష్పమ్మది ఎరుపు. ఆ కుడి పక్క ట్రాన్స్‌ఫార్మర్ కూడా జాగర్తగా విప్పించు. ఎర్ర దారం కనపడితే అది పుష్పమ్మ చెయ్యి. తను ఇప్పటికీ మౌలాలిలోనే ఉంది.

ఒకసారి టెస్టింగు గదిలోంచి కాలిన కాయిళ్ళు తిరిగొచ్చాయి. చాలావాటికి ఆకుపచ్చ దారం. అప్పటికి ప్రిసిల్లా నా కడుపులో ఉంది. సూపర్‌వైజరు ఆ కాయిళ్ళు పళ్ళెంలో పెట్టి లైను మధ్యలో నిలబడి, "కడుపుతో ఉన్నదాని ధ్యాస పని మీదుంటుందా?" అన్నాడు. నేను ఒకటే చెప్పాను. అయ్యా, లోపలి మగపిల్లలు తొందరకి స్పీకర్లు తగిలించకుండా మీట వేసి సౌండు పెంచుతున్నారు, వాల్వుల మిషను అలా వేస్తే లోపలి కరెంటు పోయే దారి లేక కాయిలు మీదే విరుచుకుపడుతుంది, ఎవరు చుట్టినా కాలుతుంది అన్నాను. ఆడమనిషి టెస్టింగు వాళ్ళకి పాఠం చెబుతుందని నవ్వారు. ఆ సాయంత్రమే గేటు బయట ఉన్నాను.

ఆ తర్వాత ఆకుపచ్చ దారం ముట్టుకోలేదు. ఆకుపచ్చ జాకెట్టు కుట్టమని ఎవరొచ్చినా వెనక్కి పంపాను. మీ అమ్మ లచ్చమ్మ ఒకసారి పట్టు గుడ్డ తెచ్చి, నేను కుట్టనంటే ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు. కారణం ఆమెకీ చెప్పలేదు.

ఇప్పుడు నువ్వు జవాబు చెప్పు. నా కాయిలు మీ తరం, మీ పిల్లల తరం పాడింది. యాభై ఏళ్ళు కాలనిది మొన్న ఎందుకు కాలింది? పెట్టెలు బరువని వదిలేసి వెళ్ళిందెవరు? సౌండు పెంచుతుంటే పక్కన నిలబడి చూసిందెవరు?

ప్రభువు నామంలో వందనాలు.

కాంతమణి

*

మెట్టుగూడ
జనవరి 20

కాంతమణి ఆంటీకి,

వందనాల దాకా చదివాను. నాలుగుసార్లు చదివాను.

మీ ప్రశ్నకు జవాబు: నేను. మూడు ప్రశ్నలకూ నేనే. వాదించడమే నా పని, కానీ దీన్ని ఏ వైపు నుంచి చూసినా వాదించే చోటు దొరకలేదు.

నన్ను ఎక్కువ బాధించింది "ఎవడో" అన్న మాట. శ్రామిక స్త్రీ గురించి జీవితమంతా రాశాను. ఒక కాయిలు చూడగానే నా కలం కింద దాన్ని చుట్టింది మగవాడైపోయాడు. పని బాగాలేదనుకున్నప్పుడే ఇలా అయితే, బాగుందనుకుంటే ఇంకెంత గట్టిగా మగవాణ్ణి చేసేదాన్నో. మెకానిక్‌ కోసం ఊరంతా మగవాళ్ళ గడపలు తొక్కాను కానీ ఒక్క ఆడమనిషిని "నీకు తెలుసా?" అని అడగలేదు. సైనిక్‌పురి ఆయనకూ నాకూ తేడా ఏమిటో నాకే తెలియడం లేదు.

అయినా ఒక మాట అనకుండా ఉండలేను. ఆడవాళ్ళ వేళ్ళు సన్నవి, కాయిళ్ళకు బాగుంటాయని మిమ్మల్ని లైనులో కూర్చోబెట్టారు. వేళ్ళు పనికొచ్చాయి, నోరు పనికిరాలేదు. కరెంటు ఎక్కడ విరుచుకుపడుతుందో చెప్పిన మనిషిని గేటు దాటించి, మీట తప్పుగా వేసినవాళ్ళను లోపల ఉంచుకున్నారు. ఆ ఫ్యాక్టరీ మూతబడినందుకు బాధపడుతూ నేను ఒకప్పుడు పెద్ద వ్యాసమే రాశాను. అందులో మీరు లేరు.

కుడి పక్కది రాములు విప్పాడు. ఎర్ర దారం ఉంది.

క్షమాపణ కాగితం మీద బాగుండదు. ఆ కాయిలు మళ్ళీ చుట్టడానికి మీరు రావాలి. రాములు దగ్గర చేత్తో తిప్పే వైండింగ్ మిషన్ ఉంది, తీగ ఉంది. ఈసారి పెట్టెలు నేను మోస్తాను.

మీ
అనుపమ

*

నర్సాపురం
జనవరి 31

అనూ,

అమ్మ వస్తోంది. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం నర్సాపూర్ బండికి ఎక్కిస్తాను. స్టేషన్‌కి నువ్వే రా, ఎవర్నో పంపకు. వద్దని చెప్పి చూశాను. "నీ పదో తరగతి పిల్లలకి చెప్పుకో" అంది.

అద్దాలు కొత్తగా చేయించాం. మెడ నొప్పి ఉంది, వంగి ఎక్కువసేపు కూర్చోనివ్వకు. కాఫీలో చక్కెర వెయ్యకు, అడిగినా వెయ్యకు. నిన్న బజారుకి వెళ్ళి తనే ఆకుపచ్చ దారం ఉండ కొనుక్కుంది. నా ఎరుకలో మా ఇంట్లోకి ఆ రంగు దారం రావడం ఇదే మొదలు.

ఒక్క మాట, అడ్డం రాకుండా విను. నేను కడుపులో ఉండగా అమ్మని తీసేశారని తెలుసు. ఎందుకో నాన్నగారు పోయేముందు చెప్పారు. అమ్మ చెప్పలేదు. ఆవిడ మనసులో ఎక్కడో ఒక మూల, తప్పు నిజంగా తనదేనేమో అన్న అనుమానం ఇన్నేళ్ళూ ఉందనుకుంటాను. లేకపోతే దారం మీద కోపం ఎందుకు? ఇప్పుడు సభలో అందరి ముందు ఆ ఎడమ పెట్టె పలక్కపోతే, సూపర్‌వైజరు మాటే నిజమని ఆవిడకి తేలిపోతుంది. గెలిచినా ఓడినా నీకు ఒక వ్యాసం అవుతుంది. అమ్మకి అలా కాదు.

జాగర్తగా చూసుకో.

ప్రిసిల్లా

*

మెట్టుగూడ
ఫిబ్రవరి 19

ప్రిసిల్లా,

నీ ఉత్తరంలో వ్యాసం గురించిన వాక్యం నాకు బాగా తగిలింది. అందుకే ఈ నెల నేను ఏమీ రాయడం లేదు, తీగ పట్టుకుని నిలబడుతున్నాను. నా ఉద్యోగం అదే. ఆంటీ మిషన్ తిప్పుతుంటే తీగ బిగువు తగ్గకుండా వదలాలి. "సభలో మాట్లాడినట్టు గుంజకమ్మాయ్, తెగుద్ది" అని రోజుకొకసారి తిడుతోంది.

రాములు మొదటి రోజు కుర్చీ వేసి పక్కన నిలబడ్డాడు. రెండో రోజుకు వాదన షురూ. "అమ్మా, కాయితం గింత మందం ఎందుకు? జాగ సరిపోదు" అంటాడు. "నీ ఫ్యాను గాలి విసురుద్ది నాయనా, ఇది పాట పాడాలి" అంటుంది. అతను తగ్గడు, ఆవిడా తగ్గదు. మెడ గురించి నువ్వు చెప్పావని నేను గుర్తు చేస్తే ఇద్దరూ కలిసి నామీద పడుతున్నారు. కాగితం విషయంలో చివరికి రాములు చెప్పిందే రైటయింది. ఇప్పుడు దొరికే కాగితం పాతదానికంటే గట్టిది, పలచగా వేసినా చాలు. ఒప్పుకుంది కానీ మర్నాటి దాకా అతనితో మాట్లాడలేదు.

నిన్న మొదటి కాయిలు పూర్తయింది. నేను సంబరపడి ఫోటో తీయబోయాను. ఆవిడ కాయిలును చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది. ఒక పొరలో తీగ వదులైందంది. నాకూ రాములుకూ ఏమీ తెలియలేదు. "బానే ఉందమ్మా, నడుస్తది" అన్నాడు రాములు. ఆవిడ వినలేదు, అంతా విప్పేసింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర, నా ముఖం చూడకుండా అడిగింది: "అప్పుడు కూడా ఒకటి రెండు వదులుగా పోయాయేమోనే?" నువ్వన్న మూల అదేననుకుంటాను. ఆవిడ కంచంలో ఇంకొంచెం కూర వేశాను. చేయి కడుక్కుని వచ్చి మళ్ళీ మొదటి పొర మొదలుపెట్టింది.

అనుపమ

*

మెట్టుగూడ
మార్చి 10

ప్రిసిల్లా,

నిన్న రాత్రే ఫోన్ చేయబోయి ఆగాను. ఇది కాగితం మీదే చెప్పాలి, నువ్వు మధ్యలో ఏడిస్తే నాకు వినపడకుండా.

కొత్త కాయిలు వారం కిందటే బిగించాం. ఆకుపచ్చ దారం ముడి వేసి, కొసలు లోపలికి తోయకుండా ట్రాన్స్‌ఫార్మర్ బయటికి వదిలేసింది. రాములు కత్తెర తీస్తే, "ఉండనీ, ఎవరిదో తెలియాలి కదా" అంది. మీట మాత్రం వేయనివ్వలేదు. వేస్తే సభలోనే అంది. రాములూ నేనూ బతిమాలాం. ముందు ఒకసారి చూసుకోకపోతే అందరి ముందు తక్లీఫ్ అయితదని రాములు అన్నాడు. "నన్ను అందరి ముందే బయటికి పంపారు" అంది. ఆ తర్వాత మేం అడగలేదు.

నిన్న పెట్టెలు రెండూ నేనే మోశాను. నడుము ఇంకా లేవడం లేదు. మందిరం నిండిపోయింది. మౌలాలి నుంచి పుష్పమ్మగారు వచ్చి, అడక్కుండానే కుడి పెట్టె ముందు కుర్చీ వేసుకుంది. కాఫీ హోటల్ రాహుల్ వెనక వరసలో, డబ్బా మోయడానికి ఇద్దరు మనుషులతో సహా.

ఆంటీ ఇంకా మెట్లెక్కుతోంది. వేదిక మీద రాజేందర్ ఫోటోగ్రాఫర్‌తో, "బుడ్లు వెలిగినంక తియ్యి, మంచిగుంటది" అంటూ మీట మీద చెయ్యి వేశాడు. స్పీకర్ తీగలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.

"చెయ్యి తియ్యరా."

నేను ఇన్నేళ్ళుగా మైకుల్లో అరిచాను. మైకు లేకుండా అంత గొంతు నేనెప్పుడూ వినలేదు. రాజేందర్ చెయ్యి తీసి వెనక్కి దాచుకున్నాడు. ఆవిడ గుమ్మంలోంచి వేదిక దాకా నడిచింది.

"ఏంది పెద్దమ్మా, జెర బుడ్లు వెలిగిస్తే ఏమైతది?" అన్నాడు పాపం.

ఏమైతదో చెప్పింది. పళ్ళెం సంగతి, సూపర్‌వైజరు మాట, గేటు, అన్నీ. నా వ్యాసాల్లోలా ఉపమానాలు లేవు, బట్ట కొలతలు చెప్పినట్టు చెప్పింది. చెబుతూనే నా చేతిలోంచి తీగలు తీసుకుని, ముందు కుడి పెట్టె, తర్వాత ఎడమ పెట్టె తగిలించింది. అప్పుడు రాజేందర్‌తో, "ఇప్పుడు వెయ్యి నాయనా. ఇప్పుడు కాలితే నాది తప్పు" అంది.

రాజేందర్‌ మీట వేశాడు. బుడ్లు మెల్లగా ఎర్రబడ్డాయి. కమురు వాసన లేదు. నేను బుర్రకథ రికార్డు మీద ముల్లు దించాను.

కాసేపు గరగర. తర్వాత కుడి పెట్టెలోంచి వంతలు, "తందానతాన." మళ్ళీ వాళ్ళే. ఎడమ పక్క ఏమీ లేదు. ఆంటీ కళ్ళు మూసుకుంది. ప్రిసిల్లా, ఆ క్షణం నీ ఉత్తరమే నా కళ్ళ ముందుంది. రికార్డు మొదట్లో వంతలే పాడతారన్న సంగతి భయంలో మర్చిపోయాను.

అప్పుడు ఎడమ పెట్టెలోంచి కథకుడు ఖంగున అందుకున్నాడు. తంబురా, అందెలు, గొంతు, అన్నీ. మందిరం ఆ చివర టేబుల్ మీద గ్లాసులు అదిరాయి. వంతలు "తర్వాతేమైంది?" అన్నారు, కథకుడు చెప్పాడు. జనం లేచి నిలబడ్డారు. పుష్పమ్మగారు కుర్చీలోంచే, "మణీ, నీది నాదానికంటె జోరుగుందే" అంది. "నీది పాతది కదే, నాది కొత్తది" అంది ఆంటీ. ఇద్దరూ పళ్ళు లేని నవ్వులు నవ్వారు. మీ అమ్మ ఏడవలేదు. ఏడ్చింది నేనూ రాములూ.

రాహుల్ ముందుకొచ్చి, ఇలాంటిదే ఇంకొకటి చేసిస్తారా, హోటల్లో పెట్టుకుంటాను అన్నాడు. "పాడిస్తావా, చూపిస్తావా?" అని అడిగింది. అతను నిజాయితీగా ఆలోచించి, పాడిస్తానన్నాడు. అయితే రాములు మిషన్ మీద తన దగ్గర పని నేర్చుకునే ఆడపిల్లలు ఎవరైనా దొరికితే అప్పుడు చూద్దామంది. రాములు అప్పుడే తన మేనకోడలి పేరు చెప్పాడు.

అందుకని ఆంటీ ఇప్పుడే రాదు. నీకు చెప్పమంది. మా ఇంట్లో బాగానే ఉంది, కాఫీలో చక్కెర గురించి మాత్రం రోజూ ఓడిపోతున్నాను. మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి, ఆంటీ అప్పట్లో కుట్టనన్న ఆ పట్టు గుడ్డ తీసిచ్చాను. మధ్యాహ్నం నుంచి కుట్టుమిషన్ చప్పుడు వినపడుతోంది, ఆకుపచ్చ జాకెట్టు నా కొలతలకు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. మందిరం గోడల మీద నేను రాయించిన నినాదాలు తెలుసు కదా, పై నుంచి కింద దాకా. వాటిని చదివి ఎవరైనా ఏదైనా చేసినట్టు నాకు గుర్తులేదు. ఈ పొద్దున రాజేందర్ తనే పెయింటు తెచ్చి, యాంప్లిఫయర్ పైన ఖాళీ ఉన్న చోట ఇంకొకటి రాశాడు. ఆంటీ పక్కన నిలబడి అక్షరం అక్షరం చెప్పింది:

"స్పీకర్లు తగిలించాకే మీట వెయ్యాలి. — కాంతమణి, కాయిల్ లైను, ఆకుపచ్చ దారం."

అప్పుడే పేపరు చదువుకోడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ మాట చదివి, ట్యూబ్‌లైటు వేయడానికి కూడా ఆంటీ వైపు చూసి, వెయ్యొచ్చా అని అడిగాడు.

అనుపమ